పాఠం చేరింది, అప్పజెప్పించుకునేదెవరు?

మన ఊరి బళ్లలో చదువుకు రెండు సగాలుండేవి. పంతులుగారు పాఠం చెప్పడం మొదటి సగం. మర్నాడు పిల్లల్ని ఒక్కొక్కరిగా లేపి అదే పాఠం అప్పజెప్పించుకోవడం రెండో సగం. అప్పజెప్పడమంటే బట్టీ పట్టింది వల్లించడమేనని తర్వాతి కాలంలో దానికి చెడ్డపేరు వచ్చింది. ఆ మాటలో కొంత నిజముంది. కానీ ఆ పద్ధతి వల్ల ఒక మేలు జరిగేది. పిల్ల ఎక్కడ తడబడిందో పంతులుగారికి అక్కడికక్కడే తెలిసేది. తడబడ్డ చోటు నుంచే పాఠం మళ్లీ మొదలయ్యేది.

గత పాతికేళ్లలో ఇంటర్నెట్ చదువులోకి వచ్చి ఏం మార్చిందన్న ప్రశ్నకు జవాబు వెతికినప్పుడల్లా నాకు ఈ రెండు సగాలే కొలబద్దగా కనిపిస్తున్నాయి. వీడియో పాఠాలు, ఉచిత కోర్సులు, యాప్‌లు, ట్యాబ్‌లు, ఇప్పుడు కృత్రిమ మేధ. వీటిమీద ప్రభుత్వాలు, కంపెనీలు, తల్లిదండ్రులు పెట్టిన ఖర్చు కొండంత. వచ్చిన ఫలితాలు మాత్రం ఒకచోట గొప్పగా, మరోచోట శూన్యంగా, ఇంకోచోట నష్టంగా ఉన్నాయి. ఈ తేడా ఎందుకు వచ్చిందో ఇంతవరకు జరిగిన ప్రయోగాలను, పరిశోధనలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. పాఠం చెప్పే పనిని వెబ్ ఎన్నడూ లేనంత విస్తారంగా చేసింది. అప్పజెప్పించుకునే పనిని పట్టించుకున్న చోట చదువు వచ్చింది, వదిలేసిన చోట రాలేదు.

తెర మీది పాఠం కొత్తది కాదు

తెర మీద పాఠం చెప్పడం మనకు ఇంటర్నెట్‌తో మొదలు కాలేదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో మన దేశంలో 'సైట్' ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు నేరుగా అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కరెంటు, రోడ్డు సరిగా లేని పల్లెల్లో పిల్లలు తెలుగులో విద్యా కార్యక్రమాలు చూశారు.

1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలిసింది. అదే నేటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దానికి మొదటి వైస్ చాన్సలర్ అయిన జి. రామిరెడ్డి తర్వాత ఇగ్నోకూ తొలి వైస్ చాన్సలర్ అయ్యారు. దూరవిద్య నడిపినవారికి మొదటినుంచీ ఒక విషయం తెలుసు. పుస్తకం పోస్టులో పంపితే సరిపోదు. అందుకే స్టడీ సెంటర్లు పెట్టారు, సెలవు రోజుల్లో కాంటాక్ట్ క్లాసులు నడిపారు. ఉద్యోగం చేసుకుంటూ, ఇల్లు చక్కబెట్టుకుంటూ డిగ్రీ చదివిన ఎంతోమందికి ఆ క్లాసే సందేహం అడిగే చోటు. దూరంగా ఉన్న విద్యార్థికి రెండో సగం ఎలా అందించాలన్న ఆలోచన మన దగ్గర అప్పటికే ఉంది. వెబ్ వచ్చాక ఆ తొలి పాఠాన్నే చాలామంది మరిచిపోయారు.

తలుపులు తెరుచుకున్నాయి

2001లో అమెరికాలోని ఎంఐటీ తన కోర్సుల సామగ్రిని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెడతామని ప్రకటించింది. పేరున్న విశ్వవిద్యాలయం తన పాఠాలను గేటు బయట పెట్టడం అప్పట్లో పెద్ద వార్త. 2003లో మన ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్‌సీ కలిసి ఎన్‌పీటెల్ అనే ఉచిత వీడియో పాఠాల వేదికను మొదలుపెట్టాయి. 2004లో సల్మాన్ ఖాన్ అనే యువకుడు దూరాన ఉన్న తన బంధువుల అమ్మాయికి లెక్కలు చెప్పడం ప్రారంభించాడు. ఆ పాఠాలు 2006లో యూట్యూబ్‌కు ఎక్కి, ఖాన్ అకాడమీగా ఎదిగాయి.

దీని విలువ తక్కువ చేసి చూడకూడదు. జిల్లా కేంద్రానికి ముప్పై కిలోమీటర్ల దూరంలో, అనుభవమున్న అధ్యాపకులు నిలవని ఇంజనీరింగ్ కాలేజీలో చదివే అమ్మాయిని ఊహించండి. ఒకప్పుడు ఆమెకు ఆ కాలేజీలో దొరికిన పాఠమే పాఠం. ఈరోజు సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ అర్థం కాకపోతే హాస్టల్ గదిలో కూర్చుని ఐఐటీ ప్రొఫెసర్ చెప్పిన పాఠాన్ని పదిసార్లు వెనక్కి తిప్పి చూడగలదు. ప్రయోగశాల లేకపోతే వర్చువల్ ల్యాబ్స్ ఉన్నాయి. ఆ పథకంలో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ కూడా భాగస్వామి. చదువు పుట్టుకను బట్టి, ఊరిని బట్టి, డబ్బును బట్టి దక్కే దేశంలో ఇది చిన్న మార్పు కాదు.

ఎన్‌పీటెల్ చరిత్రలో గమనించవలసిన మలుపు 2014లో వచ్చింది. అంతవరకు అది వీడియోల భాండాగారం. ఆ ఏడాది నుంచి వారం వారం అసైన్‌మెంట్లు, గడువు తేదీలు, చివర్లో పరీక్షా కేంద్రానికి వెళ్లి రాసే పరీక్ష, ధ్రువపత్రం చేరాయి. చూసి వదిలేసే పాఠం, చూసి జవాబు చెప్పవలసిన పాఠంగా మారింది. 2017 జూలైలో వచ్చిన స్వయం వేదిక ఈ పద్ధతిని అన్ని విషయాలకూ విస్తరించింది. ఇలాంటి కోర్సులకు డిగ్రీలో 20 శాతం వరకు క్రెడిట్లు ఇవ్వవచ్చని 2016లో అన్న యూజీసీ, 2021లో ఆ పరిమితిని 40 శాతానికి పెంచింది.

చేరినవారు ఎందరు, మిగిలినవారు ఎందరు

2011లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యులు సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్‌తో కలిసి కృత్రిమ మేధ మీద ఉచిత ఆన్‌లైన్ కోర్సు పెడితే ప్రపంచం నలుమూలల నుంచి సుమారు లక్షా అరవై వేల మంది చేరారు. మరుసటి ఏడాది కోర్సెరా, ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలు పుట్టాయి. విశ్వవిద్యాలయాల అవసరం ఇక తీరిపోతుందని ఆ రోజుల్లో పెద్దపెద్దవాళ్లే అన్నారు.

ఆ తొలి కోర్సు పూర్తి చేసినవారు సుమారు 23,000 మంది. తర్వాతి కోర్సుల్లో ఆ నిష్పత్తి ఇంకా పడిపోయింది. హార్వర్డ్, ఎంఐటీ ఎడెక్స్‌లో నడిపిన కోర్సుల ఆరేళ్ల లెక్కలను జస్టిన్ రీచ్, హోసే రుయిపెరెజ్ వాలియెంటే పరిశీలించి 2019లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. 2017-18లో చేరినవారిలో కోర్సు పూర్తి చేసినవారు నూటికి ముగ్గురు మాత్రమే. చేరినవారిలో ఎక్కువమంది సంపన్న దేశాలవారే. పేద దేశాల విద్యార్థికి ప్రపంచ స్థాయి చదువు అందిస్తామని మొదలైన ఉద్యమం, అప్పటికే చదువుకున్నవారికి అదనపు చదువు అందించే సేవగా స్థిరపడింది. 2021లో ఎడెక్స్ లాభాపేక్ష గల ఒక కంపెనీకి 80 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది.

మధ్యలో వదిలేసినవారంతా బద్ధకస్తులు కారు. చాలామంది తమకు కావలసిన రెండు పాఠాలు చూసుకుని వెళ్లిపోయారు, అదీ చదువే. కానీ ఒంటరిగా కూర్చుని పన్నెండు వారాలు క్రమం తప్పకుండా చదవాలంటే ఆ అలవాటు ముందే అబ్బి ఉండాలి. అది లేనివారికే బడి ఎక్కువ అవసరం.

పోలికలు తేల్చిన సంగతి

1983లో, వెబ్ పుట్టకముందే, రిచర్డ్ క్లార్క్ అనే విద్యా పరిశోధకుడు ఒక వాదం చేశాడు. పాఠాన్ని మోసుకొచ్చే సాధనం సరుకులు తెచ్చే లారీ లాంటిదన్నాడు. లారీ మారినంత మాత్రాన తినేవాడి ఒంటికి పట్టే బలం మారదని, బోధన పద్ధతే చదువును నిర్ణయిస్తుందని అతని ఉద్దేశం. తర్వాతి నలభై ఏళ్ల పరిశోధనలు చాలావరకు అతని పక్షానే నిలిచాయి.

అమెరికా విద్యా శాఖ 2010లో వెలువరించిన సమీక్ష ఆన్‌లైన్ బోధనను తరగతి బోధనతో పోల్చిన అధ్యయనాలను కలిపి చూసింది. తరగతి, ఆన్‌లైన్ రెండూ కలిపిన చోట ఫలితం కొంత మెరుగ్గా ఉంది. అయితే అలాంటి కోర్సుల్లో చదివే సమయం, అదనపు సామగ్రి కూడా ఎక్కువగా ఉన్నాయని, మేలు వాటివల్ల కావచ్చని ఆ సమీక్షే హెచ్చరించింది. 2017లో వెలువడిన మరో అధ్యయనం అమెరికాలోని ఒక పెద్ద ప్రైవేటు విశ్వవిద్యాలయ విద్యార్థులను పరిశీలించింది. ఒకే కోర్సు, ఒకే పుస్తకం. తరగతిలో కాకుండా ఆన్‌లైన్‌లో చదివినవారి గ్రేడు నాలుగు పాయింట్లకు 0.44 పాయింట్ల మేర తగ్గింది. అంతకుముందే మార్కులు తక్కువగా ఉన్నవారికి దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది.

వీడియో పాఠం దృష్టిని ఎంతసేపు నిలబెడుతుందన్నదీ కొలిచారు. ఎడెక్స్‌లో 69 లక్షల వీక్షణలను 2014లో విశ్లేషిస్తే, వీడియో ఎంత పొడుగున్నా సగటు విద్యార్థి దృష్టి నిలిచేది ఆరు నిమిషాలలోపే. చదివింది మళ్లీ చదవడం కన్నా పుస్తకం మూసి గుర్తుతెచ్చుకుని చెప్పడం వల్లే పాఠం ఎక్కువ కాలం నిలుస్తుందని 2006లో రోడిగర్, కార్పికీ ప్రయోగాలు చూపాయి. మన పంతుళ్లు చేయించిన పని అదే. దాని శాస్త్రం వారికి తెలియకపోవచ్చు, ఫలితం తెలుసు.

కరోనా పెట్టిన పరీక్ష

2020 మార్చిలో బళ్లు మూతపడ్డాయి. అంతవరకు ఐచ్ఛికంగా ఉన్న ఆన్‌లైన్ చదువు ఒక్కసారిగా కోట్లమందికి ఏకైక చదువైంది. కేరళ జూన్ 1నే విక్టర్స్ చానెల్‌లో పాఠాలు మొదలుపెట్టింది. తెలంగాణలో సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా ప్రభుత్వ బడి పిల్లలకు డిజిటల్ పాఠాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి చానెల్ ఆ పని చేసింది. నెట్ అందని ఇళ్లకు టీవీనే దిక్కైంది. అది సరైన నిర్ణయం కూడా. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం గ్రామీణ కుటుంబాల్లో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 15 శాతం లోపే.

గ్రామీణ పిల్లల చదువును కొలిచే అసర్ సర్వేను 2020లో ఫోన్ ద్వారా చేస్తే ఒక ఆశ్చర్యం బయటపడింది. బడి పిల్లలున్న గ్రామీణ ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36.5 శాతం ఉంటే, రెండేళ్లలో 61.8 శాతానికి చేరాయి. తల్లిదండ్రులు అప్పో సప్పో చేసి ఫోన్లు కొన్నారు. అయినా సర్వేకు ముందటి వారంలో బడి నుంచి ఏదైనా పాఠ్య సామగ్రి అందిన పిల్లలు మూడో వంతుకు కాస్త ఎక్కువ. ఇంట్లో ఒక్క ఫోన్ ఉంటే అది నాన్నతో పొలానికో పనికో వెళ్లేది. సాయంత్రం వచ్చాక ఇద్దరు ముగ్గురు పిల్లలు వంతులు వేసుకునేవారు.

సౌకర్యాలన్నీ ఉన్న నెదర్లాండ్స్‌లోనూ ఎనిమిది వారాలే బళ్లు మూసినా పిల్లలు ఇంట్లో దాదాపు ఏమీ నేర్చుకోలేదని 2021లో వెలువడిన అధ్యయనం తేల్చింది. తల్లిదండ్రులు అంతగా చదువుకోని ఇళ్లలో నష్టం మరింత ఎక్కువ. మన దేశ గ్రామాల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో 27.3 శాతం, 2022లో 20.5 శాతం. 2024కి అది మళ్లీ 27.1కి చేరింది. పడిపోయింది బడి మూసినప్పుడు, లేచింది బడి తెరిచాక.

అదే కాలంలో ఆఫ్రికాలోని బోట్స్వానాలో జరిగిన ప్రయోగం నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. అక్కడ కొందరు పిల్లల ఇళ్లకు వారానికోసారి లెక్కలు ఎస్సెమ్మెస్‌లో పంపారు. మరికొందరికి ఎస్సెమ్మెస్‌తో పాటు టీచరు ఫోన్ చేసి కొద్ది నిమిషాలు ఆ లెక్క చేయించారు. మామూలు ఫోన్లు చాలు, నెట్ అక్కర్లేదు. ఫోన్ చేసి అడిగిన పిల్లల చదువు స్పష్టంగా మెరుగుపడింది. ఎస్సెమ్మెస్ మాత్రమే అందినవారిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. పాఠం ఇద్దరికీ చేరింది, ఒకరికే అడిగేవారున్నారు.

పెట్టె ఇవ్వడం, స్థాయి చూడడం

పెరూ దేశం పేద పిల్లలకు లక్షల లాప్‌టాప్‌లు పంచింది. 319 బళ్లలో జరిపిన అధ్యయనం 2012లో వెలువడింది. లెక్కల్లో గానీ భాషలో గానీ మెరుగుదల కనిపించలేదు.

దీనికి భిన్నమైన ఫలితం ఢిల్లీ నుంచి వచ్చింది. కార్తీక్ మురళీధరన్, అభిజిత్ సింగ్, అలెహాండ్రో గనిమియన్ మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే బోధన కార్యక్రమాన్ని పరీక్షించి 2019లో ప్రచురించారు. నాలుగున్నర నెలల్లో పిల్లలు లెక్కల్లో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాల మేర ముందుకెళ్లారు. విద్యా ప్రయోగాల్లో ఇవి పెద్ద అంకెలు. రహస్యం ఎక్కడుంది? ఆ పిల్లల్లో ఆరో తరగతివారు లెక్కల్లో సగటున రెండు తరగతులకు పైగా వెనకబడి ఉన్నారు. బడిలో ఆరో తరగతి పుస్తకం నడుస్తోంది, పిల్ల మూడో తరగతి దగ్గరే ఆగిపోయింది. సాఫ్ట్‌వేర్ ప్రతి జవాబునూ చూసి పిల్ల ఎక్కడుందో పట్టుకుని అక్కడి నుంచి లెక్కలిచ్చింది. రోజూ ఈ కార్యక్రమంలో సగం సమయం కంప్యూటర్ ముందు, మిగతా సగం చిన్న గుంపులో ఒక బోధకుడి దగ్గర.

మన రాష్ట్రాల అనుభవాన్ని ఈ వెలుగులో చూడాలి. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో మొదలైన ఆర్జీయూకేటీ విశ్వవిద్యాలయం పల్లె బళ్లలో పది చదివిన పిల్లలను తీసుకుని ప్రతి ఒక్కరికీ లాప్‌టాప్ ఇచ్చింది. ఆ పిల్లలు క్యాంపస్‌లోనే ఉండి, తోటివారితో, మెంటర్లతో కలిసి చదివారు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి అయిదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది. నెట్ లేకపోయినా నడిచేలా బైజూస్ కంపెనీ పాఠాలు ముందే వాటిలో నింపారు. ఆ కంపెనీ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పిల్లల పాఠాలు ఒక ప్రైవేటు సంస్థ ఆయుష్షు మీద ఆధారపడకూడదన్న సంగతి దీన్నుంచి నేర్చుకోవాలి. 2017లో వచ్చిన దీక్ష వేదిక, పాఠ్యపుస్తకాల్లో ముద్రించిన క్యూఆర్ కోడ్‌లు ప్రజల సొత్తు. వాటిని బలపరచడమే శాశ్వతమైన దారి.

ఏ భాషలో అప్పజెప్పాలి

వెబ్‌లో ఉన్న చదువులో పెద్ద భాగం ఇంగ్లీషులో ఉంది. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లకు తలుపు తెరిచినా గడప ఎత్తుగానే ఉంది. ఆ గడపను తగ్గించే పని కొంత జరిగింది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది, వేతనం లేకుండా రాసేవారి శ్రమతో పెరిగింది. ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్ సాఫ్ట్‌వేర్ పాఠాలను తెలుగులోనూ వినిపించింది. గ్రూప్స్, డీఎస్సీ రాసేవారికి తెలుగులో పాఠాలు చెప్పే యూట్యూబ్ చానెళ్లు కోచింగ్ ఖర్చు భరించలేని ఎందరికో ఊతమయ్యాయి. సముద్రాలు దాటిన తెలుగువారి పిల్లలకు 2007 నుంచి సిలికానాంధ్ర మనబడి తెలుగు నేర్పుతోంది.

కానీ పోటీ పరీక్షలకు ఉన్నంత మంచి తెలుగు సామగ్రి ఏడో తరగతి భిన్నాలకు, పదో తరగతి కాంతి పాఠానికి లేదు. ఉన్నవాటిలోనూ పాఠం చెప్పేవే ఎక్కువ. పిల్ల తెలుగులో జవాబు రాస్తే చదివి, తప్పు ఎక్కడుందో తెలుగులోనే చెప్పేవి అరుదు. తన భాషలో ఆలోచించి తన భాషలో చెప్పలేని పిల్ల మౌనంగా ఉండిపోతుంది. ఆ మౌనాన్ని మనం తెలివితక్కువతనంగా పొరబడుతున్నాం.

కొత్తగా వచ్చిన ఒజ్జ

2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక కథ మళ్లీ మారింది. ఇది ప్రశ్న అడిగితే జవాబిస్తుంది, తెలుగులోనూ మాట్లాడుతుంది. అప్పజెప్పించుకునే పని కూడా ఇక యంత్రమే చేస్తుందా?

తుర్కియేలో దాదాపు వెయ్యిమంది హైస్కూలు విద్యార్థులతో జరిగిన ప్రయోగం దీనికి జవాబు వెతికింది. మామూలు చాట్‌బాట్ చేతిలో ఉన్న పిల్లలు సాధన లెక్కల్లో 48 శాతం మెరుగ్గా చేశారు. తర్వాత దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు ఏ సాయమూ లేనివారి కన్నా 17 శాతం వెనకబడ్డారు. జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా తీర్చిన చాట్‌బాట్ వాడినవారికి ఆ నష్టం చాలావరకు తప్పింది. పిల్లకు బదులు తానే అప్పజెప్పే యంత్రం హాని చేస్తుంది. పిల్ల చేత చెప్పించే యంత్రం ఉపయోగపడవచ్చు. రెండూ ఒకే సాంకేతికత, తేడా దాన్ని తీర్చిదిద్దిన వారి ఉద్దేశంలో ఉంది.

ఇక చేయవలసింది

ఫోన్లు చేరాయి. 2024 అసర్ ప్రకారం గ్రామాల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో ఎనభై శాతానికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడగలరు. వారిలో సర్వేకు ముందటి వారంలో చదువుకు వాడినవారు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవారు 76 శాతం. 2023 సర్వేలో 14 నుంచి 18 ఏళ్ల వయసులో, ఫోన్ వాడగలిగిన మగపిల్లల్లో సొంత ఫోన్ ఉన్నవారు 43.7 శాతమైతే ఆడపిల్లల్లో 19.8 శాతమే. ఒకే బడికి వెళ్లే అన్నాచెల్లెళ్లకు ఇంట్లో ఆన్‌లైన్ చదువు సమానంగా అందడం లేదు. అందుకే బడిలోనే, బడి వేళల్లోనే, అందరికీ వంతు దక్కేలా ఈ సాధనాలు ఉండాలి.

బడ్జెట్‌లో పరికరాలకు పెట్టే ప్రతి రూపాయి పక్కన, పిల్ల జవాబును చూసే మనిషికి ఎంత పెడుతున్నామో కూడా రాసుకోవాలి. ఏకోపాధ్యాయ పాఠశాలలో అయిదు తరగతులు చూసుకునే టీచరుకు ట్యాబ్‌తో పాటు యాప్‌లలో ఫొటోలు ఎక్కించే పని కూడా ఇస్తే, సాంకేతికత ఆమె సమయాన్ని తినేస్తుంది. అదే సాధనం ముప్పైమంది పిల్లల తప్పులను ముందే విడదీసి, ఈరోజు భాగహారంలో తడబడుతున్నవారు ఈ ఆరుగురు అని చూపిస్తే, ఆ ఆరుగురి పక్కన కూర్చోవడానికి ఆమెకు సమయం దొరుకుతుంది. వెబ్ చేయగల అతి పెద్ద మేలు అదేనని నా నమ్మకం.

రేపు మళ్లీ ఏదో కొత్త వేదిక వస్తుంది, కొత్త ఒప్పందం కుదురుతుంది. ఎన్ని గంటల వీడియోలు ఉన్నాయో, ఎన్ని లక్షలమంది నమోదయ్యారో అందులో గొప్పగా చెబుతారు. ఆ వేదికను మన పిల్లల చేతికి ఇచ్చేముందు తల్లిదండ్రులు, టీచర్లు, అధికారులు అడగవలసినవి రెండే. ఈ పాఠం చూసిన పిల్లను మర్నాడు లేపి అడిగేదెవరు? ఆమె తడబడితే పక్కన కూర్చునేదెవరు? వాటికి జవాబు దొరికిన చోట డబ్బు పెడదాం.